ఒక థీసిస్‌ను వెతుక్కుంటూ యెల్లారెడ్డికి

యెల్లారెడ్డిలో చూడ్డానికి ఏముందని వెళ్లావని మా వాళ్లు ఇప్పటికీ అడుగుతారు. నిజాంసాగర్ చూద్దామని వచ్చానని అక్కడ కనిపించిన ప్రతివాళ్లకూ చెప్పాను. అది అబద్ధం. నేను వెళ్లింది ఒక అమ్మాయి చేసిన దొంగతనం పట్టుకోవడానికి.

నాది తెనాలి. ముప్పై ఏళ్లుగా ఉద్యోగం హైదరాబాదులో, ఒక ఆరోగ్య శాస్త్రాల విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో. లైబ్రరీ అంటే పుస్తకాలిచ్చి పుచ్చుకోవడమే అనుకుంటారు చాలామంది. మా పని అంతకంటే పెద్దది. పీజీ చదివే డాక్టర్లకు కావలసిన పరిశోధనా వ్యాసాలు వెతికిపెట్టాలి. ఎవరి మాట వాడుకుంటే వాళ్ల పేరు ఎలా రాయాలో నేర్పాలి. చివరికి వాళ్ల థీసిస్ వచ్చాక, అందులో ఎక్కడినుంచైనా ఎత్తి రాసింది ఉందేమో చూడాలి. ఈ చివరి పని నాది. ఏళ్ల తరబడి ఇదే చేస్తే మనిషికి ఒక జబ్బు పట్టుకుంటుంది. శుభలేఖ చదివినా ఈ వాక్యం ఎక్కడో చూశానే అనిపిస్తుంది.

డాక్టర్ సమ్రీన్‌ది కామారెడ్డి. యెల్లారెడ్డి చుట్టుపక్కల ఊళ్లలో బీడీలు చుట్టే ఆడవాళ్ల ఆరోగ్యం ఒకప్పుడు ఎలా ఉండేది, ఇప్పుడెలా ఉందన్నది ఆమె థీసిస్. కంప్యూటర్ దాన్ని శుభ్రంగా ఉందనే చెప్పింది. అదే వారం మేం పాత థీసిస్‌లను స్కాన్ చేయిస్తున్నాం. ఇరవై ఏళ్ల కిందటి ఒక థీసిస్‌లో పేజీ సరిగ్గా పడలేదని నా బల్ల మీద పెట్టారు. ఆ పేజీలో ఒకామె గురించి రాసి ఉంది. కుడిచేతి వేళ్లకు స్పర్శ పోయి, బీడీల చాటను ఎడమ మోకాలి మీదికి మార్చుకుందట. చెబితే పని ఇవ్వరని ఎవరికీ చెప్పలేదట. ఆ సంగతి నేను అంతకుముందు రోజే సమ్రీన్ థీసిస్‌లో చదివాను. 'పూర్వ రికార్డుల ప్రకారం' అని ముక్తసరిగా రాసి, ఆ ఆడమనిషినే, ఆ మోకాలినే, ఇంచుమించు ఆ మాటలతోనే దింపింది. పక్కనున్న పట్టికలో అంకెలు కూడా అవే.

పాత థీసిస్ కంప్యూటర్‌లో లేదు కాబట్టి దొరకననుకుందన్నమాట. సోమవారంలోగా నేను రిపోర్టు రాయాలి. రాస్తే ఆమె మూడేళ్ల చదువు గాల్లో కలిసినట్టే.

పిలిచి రెండు పేజీలూ ముందు పెట్టాను. చాలాసేపు చూసింది. ఏడవలేదు, కాళ్లమీద పడలేదు.

"మేడం, ఈ పాత థీసిస్ నేను ఎన్నడూ చూడలేదు," అంది. "ఐతారం నేను యెల్లారెడ్డి పోతున్న. మీరూ రండి. చూసినంక ఏం రాస్తరో రాయండి."

ఆదివారం రమ్మందంటే ఆలోగా నలుగురు సాక్షులకు మాటలు నేర్పి ఉంచుతుందని నాకనిపించింది. సరే చూద్దామన్నాను. చెప్పకుండా శుక్రవారమే రైలెక్కాను.

కామారెడ్డి

స్టేషన్ బయట బెల్లం వాసన వస్తుందని ఎవరో చెప్పారు. నాకైతే వేడి నూనె వాసనే తగిలింది. మిర్చి బజ్జీల బండి దగ్గర నిలబడ్డాను. మా తెనాలిలో బజ్జీ కోసి ఉల్లిపాయ కూరి ఇస్తారు. ఇక్కడ ఉల్లిపాయ పక్కన పడేస్తారు, కొరుక్కోవడం మన పని. బండి ఆయన "ఏ ఊరు మనది?" అని అడిగాడు. ఈ 'మనది' నాకు ముప్పై ఏళ్లయినా అలవాటు కాలేదు. మా వైపు 'మీది' అంటారు. ఇక్కడ ఊరు తెలియకముందే కలిపేసుకుంటారు. ఆ రోజు ఆ కలుపుగోలుతనం మీద కూడా నాకు నమ్మకం కలగలేదు.

సమ్రీన్ నాన్న గడియారాలు బాగుచేస్తాడని ఆమె దరఖాస్తులో చదివాను. బజారులో అడుగుతూ పోతే దుకాణం దొరికింది. జుమ్మా నమాజు అయి అప్పుడే తెరిచాడు. కంటికి భూతద్దం తగిలించుకున్న సన్నటి మనిషి. నా చేతి గడియారం సరిగ్గా నడవడం లేదని చెప్పి ఇచ్చాను. అదీ అబద్ధమే.

మూత విప్పి చూశాడు. "మంచిగనే నడుస్తుంది గదమ్మా," అన్నాడు.

"ఒక్కోసారి ఆగుతుంది భాయ్."

ఆయన మళ్లీ లోపలికి చూశాడు. గోడ మీద తెల్ల కోటు వేసుకున్న సమ్రీన్ ఫోటో ఉంది. మీ అమ్మాయా అని అడిగాను.

"నా బిడ్డ. పెద్ద డాక్టర్ చదువు చదువుతుంది. రెండేండ్ల సంది ప్రతి ఐతారం యెల్లారెడ్డి దిక్కు పోతది. బీడీలోళ్ల ఇండ్లల్ల కూసుంటది. వాళ్లమ్మ కూడా బీడీలు చేసే ఈమెను సాదింది, గందుకని." ఆగి అడిగాడు. "మీరు ఏం పని మీద వచ్చిండ్రు?"

"నిజాంసాగర్ చూద్దామని."

"ఒక్కరేనా?"

"ఒక్కదాన్నే."

ఆయన భూతద్దం తీసి నన్ను తేరిపార చూశాడు. చాయ్ తెప్పించాడు. నేను తాగుతుంటే ఫోన్ తీసుకుని దుకాణం మెట్లు దిగి, అటు తిరిగి, ఉర్దూలో తగ్గు గొంతుతో మాట్లాడాడు. హైదరాబాద్ అన్న మాట ఒక్కటి వినబడింది. చాయ్ సగంలోనే వదిలి, గడియారం తీసుకుని లేచాను. దొరికిపోయానని కాదు. వీళ్లంతా ఒకటేనన్న నా అనుమానం నిజమవుతోందని.

ఆ రాత్రి లాడ్జీ గదికి గడియ సరిగా పడలేదు. తలుపుకు కుర్చీ అడ్డం పెట్టి పడుకున్నాను. రెండు థీసిస్‌ల పేజీలు దిండు కింద పెట్టుకున్నాను. ఎవరో వచ్చి ఎత్తుకుపోతారని ఎందుకనుకున్నానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

యెల్లారెడ్డి బస్సు

పొద్దున్నే బస్సు. తాడ్వాయి, లింగంపేట దాటాక రోడ్డుకు రెండు పక్కలా టేకు చెట్లు, మధ్యమధ్య మొక్కజొన్న చేలు. నా పక్కన కూర్చున్నామె ఒళ్లో పెద్ద మూట. మూటలోంచి ఎండాకు వాసన. బీడీ ఆకు.

"ఎన్నేళ్లుగా చేస్తున్నారమ్మా?" అని అడిగాను.

"ఏంది?"

"బీడీలు."

"నీకెందుకు?" అంది ఆమె. తర్వాత దిగేదాకా మూట మీద రెండు చేతులూ వేసుకుని కిటికీ వైపే చూసింది. నేను అందరినీ అనుమానిస్తున్నాను సరే, నన్నూ అనుమానించేవాళ్లు ఉంటారని ముందుగా తోచలేదు.

యెల్లారెడ్డి బస్టాండులో దిగి ఆటో మాట్లాడుకున్నాను. థీసిస్‌లో ఉన్న ఊరు అక్కడికి దగ్గరే. ఊరి పేరు రాయనని అక్కడివాళ్లకు మాటిచ్చాను. మనుషుల పేర్లు కూడా మార్చాను.

బీడీల వసారా

ఒక పొడుగాటి వసారాలో ఆరేడుగురు ఆడవాళ్లు గోడకు ఆనుకుని కూర్చున్నారు. ఒక్కొక్కరి ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన ఆకు, ఒక పక్కన తంబాకు. వేళ్లు చూస్తుంటే కళ్లు తిరుగుతాయి. ఆకు తీయడం, తంబాకు వేయడం, చుట్టడం, మూతి మడవడం, దారం కట్టడం, అన్నీ కలిపి ఒకే కదలికలా ఉంటాయి. నేను నిలబడగానే మాటలాగాయి. వేళ్లు ఆగలేదు.

కొసన కూర్చున్న పెద్దామె చాట ఎడమ మోకాలి మీద ఉంది.

నేను అక్కడే ఉన్న అరుగు మీద కూర్చున్నాను. "అవ్వా, మీ దగ్గరికి సమ్రీన్ అని ఒక డాక్టరమ్మ వస్తుందా?"

ఆమె తల ఎత్తలేదు. "ఏ డాక్టరమ్మ? మాకేం తెల్వది."

"ఆదివారాలు వచ్చి మీ ఆరోగ్యం గురించి రాసుకుంటుందట కదా."

"ఎవలు రాలే. ఎవలు రాసుకోలే." పక్కామె అందుకుంది. "నువ్వెవలు? కంపెనీ దిక్కు సందా? పింఛన్ గిట్ల తీసేయనీకె వచ్చినవా?"

కాదన్నాను. నమ్మలేదు. ఇంకొకామె నా సంచీ వైపు చూపిస్తూ, "అండ్ల కాయితాలున్నయ్ సూడు," అంది. అందరూ చూశారు. నేను సంచీ దగ్గరికి లాక్కున్నాను. దాంతో వాళ్ల అనుమానం గట్టిపడిపోయింది.

పెద్దామెను చివరిసారి అడిగాను. "మీ కుడి చేయి బాగుంటుందా అవ్వా?"

ఆమె వేళ్లు అప్పుడు ఆగాయి. ఆ చేతిని కొంగు కిందికి తీసుకుంది. "నా చెయ్యి మంచిగున్నది. నువ్వు పోయిరా."

లేచి వచ్చేశాను. రెండేళ్ల నుంచి ప్రతి ఆదివారం వచ్చే మనిషిని ఒక్కరూ ఎరగరు. ఇంకేం కావాలి? రిపోర్టులో మొదటి వాక్యం ఎలా రాయాలో నడుస్తూనే అనుకున్నాను.

ఊరి చివరికి రాకముందే చెప్పు తెగింది. ఒంటి చెప్పుతో మట్టిరోడ్డు మీద నాలుగడుగులు వేశానో లేదో, ఒక పెంకుటింటి గుమ్మంలోంచి ఎవరో పిలిచారు.

"ఇట్ల రాండమ్మా. పిన్నీసున్నది."

సిస్టరమ్మ ఇల్లు

అరవై దాటిన మనిషి, తెల్ల జుట్టు బిగించి ముడి వేసింది. చెప్పు తీసుకుని పిన్నీసు గుచ్చుతూ, తల ఎత్తకుండానే అడిగింది.

"మీరు లైబ్రరీ మేడమేనా?"

మీకెలా తెలుసన్నాను.

"గడియారాల భాయ్ నిన్ననే ఫోన్ చేసిండు. మంచిగ నడిచే గడియారం తెచ్చి చెడిపోయిందని ఒకామె చెప్తుంది, సూడవోతే మా బిడ్డ చెప్పిన మేడం లెక్కనే ఉన్నదన్నడు."

ఆమె పేరు సుగుణమ్మ. ఆ ఊళ్లలో ముప్పై ఏళ్లకు పైగా నర్సుగా తిరిగి రిటైరయింది. ఇంటింటికీ నడిచి టీకాలు వేసే నర్సమ్మ. ఊరందరికీ సిస్టరమ్మ.

"మరి అక్కడ వాళ్లంతా సమ్రీన్ ఎవరో తెలియదన్నారేం?" అన్నాను, ఇంకా దబాయింపుగానే.

"నేనే చెప్పిన. తెల్వనోళ్లొచ్చి అడిగితే ఏం చెప్పొద్దని. ఒకపాలి చెప్పి ఏమైందో నాకు ఎర్కనే." లేచింది. "ముందుగాల తినుండ్రి. తినకుంటే మాట సక్కగ రాదు."

జొన్న రొట్టె, పచ్చిపులుసు పెట్టింది. మా వైపు వంకాయ కాల్చి చేస్తాం. ఇక్కడ వంకాయ లేదు, నువ్వుల పొడి వేసి పలుచగా చేశారు. రొట్టెను అందులో ముంచుకుని తినడం నాకు చేతకాక వేళ్లన్నీ తడిసిపోయాయి. ఆమె నవ్వలేదు, చెంచా తెచ్చి ఇచ్చింది. ఇది కూడా నన్ను మెత్తబరచడానికే అనుకుంటూ మూడు రొట్టెలు తిన్నాను.

తర్వాత ఆమె ఇనుప పెట్టె తెరిచి లావుపాటి రిజిస్టర్లు తీసింది. ఒకటి నా ముందు పెట్టింది.

తెలుగులో, గుండ్రటి అక్షరాలు. ఇల్లిల్లూ రాసుకుంది. ఎవరికి దగ్గు, ఎవరికి నడుం నొప్పి, ఎవరి మొగుడు దుబాయిలో, ఎవరికి నెల తప్పింది. ఒక పేజీ దగ్గర నా చేయి ఆగింది. 'పోశవ్వ. కుడి చెయ్యి వేళ్లకు స్పర్శ లేదు. చాట ఎడమ మోకాలు మీదికి మార్చుకున్నది. చెప్తే ఆకు ఇయ్యరని ఎవ్వలకు చెప్పలేదు.'

ఆ కింద అంకెలు. పాత థీసిస్‌లో ఉన్నవి. సమ్రీన్ థీసిస్‌లో ఉన్నవి.

నేను వెంటనే నమ్మానని రాస్తే అబద్ధమవుతుంది. పేజీ ఎత్తి వెలుతురులో పెట్టి చూశాను. కుట్టు దారం చూశాను, కొత్తగా కుట్టింది కాదు. పిన్నులు తుప్పు పట్టి కాగితంలోకి దిగాయి. ప్రతి నెలాఖరునా అప్పటి డాక్టర్ సంతకం, వెలిసిపోయిన ముద్ర, తేదీ. ఆ తేదీ పాత థీసిస్ కంటే ముందుది. పాత కాగితం అబద్ధమాడితే నాకు తెలుస్తుంది. ఈ కాగితం అబద్ధమాడటం లేదు.

"ఇవి ఎవరికిచ్చారు?"

"అప్పట్ల ఒక డాక్టర్ సారొచ్చిండు, చదువుకునే పిల్లగాడే. రెండు దినాలకని తీస్కపోయి ఏడాదికి తెచ్చిచ్చిండు. పుస్తకం అచ్చయితే నీ పేరు ఏస్త సిస్టరమ్మా అన్నడు. ఇప్పుడు పెద్ద ప్రొఫెసరంట."

పాత థీసిస్ కృతజ్ఞతల పేజీ నేను చదివాను. అందులో తల్లిదండ్రులున్నారు, గురువులున్నారు, టైపు చేసినతను ఉన్నాడు. ఈమె లేదు.

"మీరు అడగలేదా?"

"అడగనీకె పట్నం వచ్చిన. పుస్తకం మీ లైబ్రరీలనే ఉంటదన్నరు. ఒక్కపాలి సూసిపోదామని. గేటు దాటి లోపల బల్ల కాడికి వచ్చిన. అద్దాలు పెట్టుకున్న ఒకామె కార్డు లేనోళ్లకు లేదన్నది. నేను రాసిందమ్మా అన్న. ఆమె నా దిక్కు సూడనే లేదు. బస్సుకు టైమైతదని వాపస్ వచ్చిన."

ఆ రోజుల్లో ఆ బల్ల దగ్గర కూర్చున్నది నేను. కళ్లద్దాలు అప్పటికే ఉన్నాయి. ఎంత తవ్వినా ఆమె ముఖం గుర్తు రాలేదు. అలా ఎంతమందిని పంపేశానో, అందులో ఆమె ఒకతె.

"అది నేనే అయుండొచ్చు సుగుణమ్మ గారూ," అన్నాను.

ఆమె నన్ను కాసేపు చూసింది. "కావచ్చు," అంది. "గప్పుడు మీకు జుట్టు నల్లగుండె."

ఆమె లేచి చాయ్ పెట్టింది.

ఆదివారం

ఆ రాత్రి సిస్టరమ్మ ఇంట్లోనే ఉండిపోయాను. పొద్దున మొదటి బస్సుకు సమ్రీన్ వచ్చింది. గుమ్మంలో నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. వాళ్ల నాన్న చెప్పే ఉంటాడు.

నా అనుమానం అప్పటికీ పూర్తిగా తీరలేదు. ఇరవై ఏళ్ల కిందటి ఆయన పేరు దాచాడు సరే, ఈ అమ్మాయి మాత్రం పేరు రాసిందా? 'పూర్వ రికార్డులు' అని తప్పించుకుంది కదా. అదే అడిగాను, సుగుణమ్మ ముందే.

సమ్రీన్ ముఖం ఎర్రబడింది. "రాసిన మేడం. మా గైడ్ కొట్టేసిండు. నర్సు చేతిరాత పుస్తకం ఆధారం కిందికి రాదు, పరీక్ష చెయ్యనీకె వచ్చే సార్లు నవ్వుతరన్నడు. నేను ఇంకేం మాట్లాడలే." సుగుణమ్మ వైపు తిరిగింది. "నీకు చెప్దామనుకున్న సిస్టరమ్మా. చెప్పనీకె ముఖం చెల్లలే."

సుగుణమ్మకు ఈ సంగతి అప్పుడే తెలిసింది. చేతిలో ఉన్న గ్లాసు కింద పెట్టింది. "నువ్వు కూడానా బిడ్డా," అని మాత్రం అంది. సమ్రీన్ అప్పుడు ఏడ్చింది.

పాత ప్రతి చూపించమన్నాను. ఫోన్‌లో తీసి ఇచ్చింది. మొదటి పేజీలోనే సుగుణమ్మ పేరు, ఉద్యోగం, రిజిస్టర్ల వివరం ఉన్నాయి. గైడ్ ఎర్రగీత ఉంది. ఫైలు ఎప్పటిదో కూడా చూశాను. నిన్న రాత్రి కూర్చుని తయారు చేసింది కాదు, ఏడాది కిందటిది.

తర్వాత ముగ్గురం వసారాకి వెళ్లాం. నిన్న ఎవరూ ఎరగని డాక్టరమ్మకు ఈ రోజు చోటు జరిపి ఇచ్చారు. ఆమె కూడా ఒక చాట తీసుకుని మాట్లాడుతూనే ఆకు కత్తిరించింది. పోశవ్వ కొంగు కింద నుంచి కుడి చేయి తీసి ఆమె ఒళ్లో పెట్టింది. సమ్రీన్ ఒక్కో వేలినీ సూదిమొనతో తాకుతూ, తెలుస్తుందా అవ్వా అని అడుగుతోంది. నా వైపు మాత్రం ఎవరూ తిన్నగా చూడలేదు. సంచీ తెరిచి కాగితాలు వాళ్ల ముందు పరిచాక, ఒకామె నాకు కూడా చాయ్ గ్లాసు జరిపింది.

తిరిగొచ్చాక

సోమవారం రిపోర్టు రాశాను. రెండు థీసిస్‌లకూ మూలం ఒకటేనని, ఆ మూలానికి రచయిత్రి ఉందని, ఆమె పేరు రెండు చోట్లా లేదని. బల్ల దగ్గర నుంచి ఆమెను తిప్పి పంపింది బహుశా నేనేనని కూడా రాశాను. అది అనవసరమన్నారు పైవాళ్లు. తీసేయనన్నాను.

సమ్రీన్ ఆ అధ్యాయాన్ని సుగుణమ్మ పేరు చేర్చి తిరగరాయాల్సి వచ్చింది. పరీక్ష ఆరు నెలలు వెనక్కి పోయింది. పాత డాక్టరు గారు తనకేమీ గుర్తు లేదని ఒక ఉత్తరం పంపారు. విచారణ జరుగుతోందంటున్నారు. జరుగుతుందని నాకు నమ్మకం లేదు. రిజిస్టర్లను మాత్రం మేం స్కాన్ చేసి, బీడీలు చేసే వాళ్ల పేర్లు కనబడకుండా మూసి, రచయిత స్థానంలో సుగుణమ్మ పేరు పెట్టి లైబ్రరీలో చేర్చాం. ఆ పని చేయడానికి ఎవరి అనుమతీ అవసరం లేకపోవడం నా అదృష్టం.

ఆ పని పూర్తయ్యాక సుగుణమ్మ పట్నం వచ్చింది. గేటు దగ్గరికి నేనే ఎదురెళ్లాను. పాత థీసిస్ తీసుకొచ్చి బల్ల మీద పెట్టాను. సమ్రీన్ పక్కన కూర్చుని ఇంగ్లీషు పేజీలు తెలుగులో చెబుతుంటే, ఆమె కళ్లు మూసుకుని వింది. తన మాటలు వచ్చినప్పుడల్లా తల ఊపింది.

ఇంకొకామె సంగతి వచ్చిన చోట కళ్లు తెరిచింది. "ఏమన్నవు? మల్ల చెప్పు."

"ఈమె మరుసటి ఏడు దగ్గుతో చనిపోయింది అని ఉంది సిస్టరమ్మా."

"ఎవలు సచ్చిపోయిండ్రు? ఆమె మద్నూర్ దిక్కు బిడ్డ ఇంటికి పోయింది. ఇంట్ల లేదని రాసిన నేను. ఆయన సచ్చిపోయిందని రాసుకున్నడు." నేను విన్నంతలో ఆమెకు కోపం వచ్చింది ఆ ఒక్కసారే. "మొన్న కూడా ఫోన్ల మాట్లాడిన. మనుమరాలి పెండ్లికి రమ్మన్నది."

చేయి చాపింది. "ఒక పెన్నియ్యుండ్రి."

చుట్టూ నలుగురు పీజీలు, మా జూనియర్లు ఇద్దరు చూస్తున్నారు. లైబ్రరీ పుస్తకంలో పెన్సిల్ గీత గీసినవాళ్లను కూడా నేను ఏనాడూ ఊరికే వదల్లేదు. సంచీలోంచి పెన్ను తీసి ఇచ్చాను.

సుగుణమ్మ ఆ లైను పక్కన ఖాళీలో, గుండ్రటి అక్షరాలతో, తొందర లేకుండా రాసింది. 'ఈమె బతికే ఉన్నది.' కింద సంతకం పెట్టింది. పెన్ను మూత పెట్టి నాకు తిరిగిచ్చింది.